టెక్సాస్ ఏ అండ్ ఎం సంప్రదాయాలు: ఏది మొక్కుబడి, ఏది బరువు?

నల్లమల_గాలి
ఆగస్టులో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి, అంటే కాలేజ్ స్టేషన్ అనే ఊరికి, ఎమ్మెస్‌కి వెళ్లేవాళ్ల గ్రూపుల్లో రోజూ ఇవే ప్రశ్నలు. కనిపించిన ప్రతివాడికీ 'హౌడీ' (హలో లాంటి పలకరింపు) చెప్పాలా? అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యేదాకా నిలబడే ఉండాలా? గడ్డి మీద నడిస్తే ఫైన్ వేస్తారా? యూనివర్సిటీ ఉంగరం కొనకపోతే చిన్నచూపు చూస్తారా? సగం మంది "అది యూనివర్సిటీ కాదు, మఠం" అంటున్నారు. మిగతా సగం "అదో పెద్ద కుటుంబం" అంటున్నారు. రెండు జవాబులూ అక్కరకు రావు. ఏది నియమం, ఏది అలవాటు, పాటించకపోతే ఏమవుతుంది, ఇవి తెలిసినవాళ్లు విడమరిచి రాయండి. సొంత కథలు వద్దు, సంగతులు చాలు.

బ్రజోస్_బాబాయి
ముందు మూలం తెలిస్తే మిగతాది సులువు. ఆ కాలేజీ 1876లో తెరిచారు. అప్పుడు దాని పేరులో 'వ్యవసాయ, యాంత్రిక' అన్న మాటలుండేవి, ఏ, ఎం అక్షరాలు అక్కడివే. 1963లో పేరు మార్చి యూనివర్సిటీ చేసినప్పుడు అక్షరాలు ఉంచేశారు, వాటి అర్థం తీసేశారు. ఇప్పుడు ఏ అంటే ఏమీ కాదు, ఎం అంటే ఏమీ కాదు. ఇలాంటి చోట సంప్రదాయం ఎలా నిలుస్తుందో చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలు.

దాదాపు తొంభై ఏళ్లు అది మగపిల్లల సైనిక కాలేజీ. చేరిన ప్రతివాడూ కోర్ ఆఫ్ కేడెట్స్ అనే సైనిక శిక్షణ దళంలో యూనిఫాం వేసుకోవాల్సిందే. ఎర్ల్ రడర్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు 1963లో ఆడపిల్లలకు పరిమితంగా తలుపు తెరిచారు, నల్లజాతి విద్యార్థులు చేరిందీ ఆ ఏడాదే. 1965లో కోర్‌ని ఐచ్ఛికం చేశారు. నేటి 70 వేల పైచిలుకు విద్యార్థుల్లో కేడెట్లు రెండు వేల పైన, అంతే. నూటికి ముగ్గురు. కానీ మిగతా తొంభై ఏడుగురూ పాటించే పలకరింపులు, కేకలు, ఏడాదిని బట్టి చిన్నా పెద్దా తేడాలు అన్నీ ఆ బ్యారక్‌ల నుంచి వచ్చినవే. యూనిఫాం పోయింది, వరుస మిగిలింది.

రెండు_శాతం
బాబాయి గారు మర్యాదగా చెప్పారు. నేను సూటిగా చెప్తాను. అక్కడ పాల్గొననివాడికి ఓ పేరుంది: 'టూ పర్సెంటర్'. నూటికి తొంభై ఎనిమిది మంది చేస్తుంటే చేయని ఇద్దరిలో ఒకడని. నా పేరు అక్కడిదే. విమర్శించేవాడికి ఇంకో మాట సిద్ధంగా ఉంటుంది: "హైవే 6 రెండు వైపులా నడుస్తుంది." ఊరి పక్క నుంచి పోయే రోడ్డు అది. నచ్చకపోతే వచ్చిన దారినే పో అని అర్థం. రాతపూర్వక నియమం ఒక్కటీ లేకుండా వేలమందిని ఒకే తీరులో నిలబెట్టే పద్ధతి ఇది. ఫైన్ అక్కర్లేదు, పేరు పెడితే చాలు.

ఓరుగల్లు_పోరడు
అన్నా, పేరు సంగతి వస్తే ముందు ఇది చెప్పాలె. అక్కడోళ్లు తమని తాము 'యాగీ' అని పిల్చుకుంటరు. మనకాడ యాగీ అంటే ఏందో ఎర్కే గద. మ్యాచ్ రోజు రాత్రి పన్నెండింటికి స్టేడియంల కూసోని వేలమంది అరుస్తుంటే తెలుగు అర్థమే సరిగ్గ సరిపోతది.

మెరూన్_మొల్ల
నవ్వాను గానీ, ఆ అరుపుకీ ఓ వ్యాకరణం ఉంది. కొత్తవాళ్లు తడబడేది అక్కడే, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఏ అండ్ ఎంలో చీర్‌లీడర్లు లేరు. ఐదుగురు 'యెల్ లీడర్లు' (కేకలు వేయించేవాళ్లు) ఉంటారు: ముగ్గురు సీనియర్లు, ఇద్దరు జూనియర్లు. విద్యార్థులే ఓటేసి ఎన్నుకుంటారు. వాళ్లు మైదానం అంచున నిలబడి చేత్తో సైగ చేస్తారు. ఆ సైగని ముందు వరుస వెనక్కి అందిస్తుంది, దాని వెనక వరుస ఇంకా పైకి. మూడో అంతస్తు దాకా అందాక అందరూ మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగి ఒక్క గొంతుతో అరుస్తారు. వంగేది మొక్కడానికి కాదు, పొట్ట నొక్కుకుని గొంతు బిగ్గరగా రావడానికి. సైగ చూడకుండా పక్కవాణ్ణి చూసి మొదలుపెడితే అర క్షణం వెనకబడతారు. మరేం కాదు, పక్కవాడు నవ్వుతాడు.

'వూప్' అన్న కేక మూడో ఏడాది నుంచే. మొదటి రెండేళ్ల పిల్లలు అంటే పెద్దవాళ్లు కసురుతారు. మాస్టర్స్ వాళ్లని సీనియర్ల లెక్కలో వేస్తారు కాబట్టి మీకు అడ్డులేదు. ప్రత్యర్థిని 'బూ' అనకూడదు, బదులుగా వాళ్లకో బుసకొట్టే తంతు ఉంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీని పేరుతో పిలవరు. 't.u.' అంటారు, అదీ చిన్న అక్షరాల్లోనే రాయాలి.

మ్యాచ్ ముందు రోజు అర్ధరాత్రి జరిగేది 'మిడ్‌నైట్ యెల్'. సొంతూళ్లో మ్యాచ్ అయితే కైల్ ఫీల్డ్ అనే వాళ్ల స్టేడియంలోనే. చివర్లో దీపాలార్పేస్తారు, జంటగా వచ్చినవాళ్లు ముద్దు పెట్టుకుంటారు, ఒంటరిగా వచ్చినవాళ్లు లైటర్ వెలిగించి పట్టుకుంటారు. వెలుగు చూసి ఇంకో ఒంటరి వెతుక్కుంటూ వస్తారని. అమ్మానాన్నలకు వీడియో కాల్ చేసి చూపించేవాళ్లు ఈ ఘట్టానికి ముందే ఫోన్ పెట్టేయడం మంచిది.

నల్లమల_గాలి
మ్యాచ్ అంతా నిలబడటం నిజమేనా? ఎందుకు?

మెరూన్_మొల్ల
నిజం. 1922 జనవరి 2న డల్లాస్‌లో సెంటర్ కాలేజీతో ఆట. గాయాలతో ఆటగాళ్లు తగ్గిపోతుంటే కోచ్, ప్రేక్షకుల్లో ఉన్న ఈ. కింగ్ గిల్ అనే విద్యార్థిని పిలిపించి దుస్తులు మార్పించి పక్కన నిలబెట్టాడు. అతను ఆడాల్సిన అవసరం రాలేదు, జట్టు 22–14తో గెలిచింది. సిద్ధంగా నిలబడ్డాడన్నదే కథ. అప్పటినుంచి విద్యార్థులు 'పన్నెండో ఆటగాడు' అనే పేరుతో నిలబడతారు.

ఆచరణ మాట. ఆట మూడున్నర గంటలు. విద్యార్థుల గ్యాలరీ తూర్పు వైపు, అంటే మొహం పడమటికి. మధ్యాహ్నం మ్యాచ్ అయితే ఎండ నేరుగా కళ్లలో కొడుతుంది. సెప్టెంబరు టెక్సాస్ ఎండ మన రెంటచింతల ఎండకి తమ్ముడు వరస. కళ్లు తిరిగి పడేవాళ్లు ఎక్కువగా చేసే తప్పులు రెండు: ఏమీ తినకుండా రావడం, మోకాళ్లు బిగబట్టి కదలకుండా నిలబడటం. మోకాలు కొద్దిగా వంచి బరువు మారుస్తూ ఉండాలి, రక్తం కాళ్లలోనే ఆగిపోకుండా. కళ్లు తిరుగుతుంటే కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు. బ్యాగ్ పారదర్శకంగా ఉండాలి, 12 అంగుళాలు, 6 అంగుళాలు, 12 అంగుళాలు దాటకూడదు. కాలేజీ బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని వస్తే గేటు దగ్గరే తిప్పి పంపుతారు.

టికెట్లకి క్రీడల పాస్ ముందే కొనుక్కోవాలి. తర్వాత మ్యాచ్ వారంలో టికెట్ కౌంటర్‌కి వెళ్లి సీటు తీసుకోవాలి: సోమవారం సీనియర్లు, మాస్టర్స్ వాళ్లు, మంగళవారం మూడో ఏడాది, బుధవారం రెండో ఏడాది, గురువారం మొదటి ఏడాది. పాస్ ఉంది కదా అని శుక్రవారం వెళ్తే మిగిలింది మూడో అంతస్తు చివరి వరుసే. పెద్ద మ్యాచ్‌కి ముందు గుడారాలేసుకుని పడుకుంటారు.

'యుద్ధగీతం' అనే యూనివర్సిటీ పాట చివర్లో చేతులు భుజాల మీద వేసుకుని, కాళ్లు అడ్డంగా పెట్టుకుని, ఒక వరుస కుడికి, దాని ముందు వెనక వరుసలు ఎడమకి ఊగుతారు. లక్షా రెండు వేల మంది పట్టే స్టేడియం అది, కాంక్రీటు కదలిక కాలికి తెలుస్తుంది. బెదరకండి.

ఫ్రిస్కో_పార్వతి
మాస్టర్స్ వాళ్లకి సరే. ఇక్కడ డల్లాస్, హ్యూస్టన్ శివార్లలో పెరిగిన మన పిల్లలు పన్నెండో తరగతి అవగానే అక్కడికి చాలామంది వెళ్తున్నారు. స్కూల్లో మొదటి 10 శాతంలో ఉంటే టెక్సాస్ చట్టం ప్రకారం సీటు ఖాయం కదా. ఈ 'ఫిష్ క్యాంప్' తప్పనిసరా? తల్లులందరి అనుమానం ఇదే.

బ్రజోస్_బాబాయి
తప్పనిసరి కాదమ్మా. రెండింటిని కలిపేసుకుంటున్నారు. క్యాంపస్‌లో జరిగే ఓరియెంటేషన్ తప్పనిసరి, కోర్సుల నమోదు అక్కడే. ఫిష్ క్యాంప్ వేరు. 1954లో మొదలైంది, నాలుగు రోజులు, పాలస్టీన్ అనే ఊరి దగ్గర మెథడిస్టు చర్చి వాళ్ల విడిది కేంద్రంలో జరుగుతుంది. నడిపేది పై తరగతుల విద్యార్థులే. రుసుము కట్టాలి. 'ఫిష్' అంటే మొదటి ఏడాది వాడు, అంతే.

అక్కడ నేర్పేవి కేకలు, కథలు, పద్ధతులు. నిజానికి పిల్లలకి దక్కేది మాత్రం చిన్న బృందం: అంతమందిలో సెమిస్టర్ మొదటి రోజుకే పేరు పెట్టి పిలిచే పదిమంది. వెళ్లని పిల్లవాడికి మొదటి రెండు వారాలు కొంచెం చప్పగా ఉంటుంది, అంతకుమించి నష్టం లేదు. మధ్యలో బదిలీ మీద వచ్చేవాళ్లకి 'టీ క్యాంప్' ఉంది.

రెండు_శాతం
అదే నేననేది. చదువు మొదలవ్వకముందే నాలుగు రోజులు నిద్ర తగ్గించి, అరిపించి, ఏడిపించి, కౌగిలించి పంపితే ఏ పద్దెనిమిదేళ్ల పిల్లాడైనా ఆ గుంపుకి అతుక్కుపోతాడు. ఇది తప్పని అనను. స్వేచ్ఛగా ఎంచుకున్నాడని మాత్రం అనకండి. వాళ్లే చెప్పుకునే సామెత ఉంది కదా: బయటినుంచి చూస్తే అర్థం కాదు, లోపలినుంచి చెప్పలేం అని. చెప్పలేనిదాన్ని ప్రశ్నించడం ఎలా?

పాతపుటలు
ప్రశ్నించినవాళ్లు ఉన్నారు, రెండు_శాతం గారూ, అదీ ఆ యూనివర్సిటీ చరిత్రే. 1976లో స్వలింగ సంపర్కులైన విద్యార్థుల సంఘం గుర్తింపు అడిగితే యాజమాన్యం నిరాకరించింది. 1977లో కోర్టుకెళ్లారు. 1984లో ఫెడరల్ అప్పీలు కోర్టు విద్యార్థుల వైపు తీర్పిచ్చింది. ఆడపిల్లలు కోర్‌లోకి 1974లో వచ్చారు, బ్యాండ్‌లోకి 1985 దాకా రానివ్వలేదు, అదీ కోర్టు కేసు వేశాకే. 2022లో అధ్యక్షురాలు విద్యార్థి పత్రిక బెటాలియన్ ముద్రణ ఆపమన్నారు. 1893 నుంచి వస్తున్న పత్రిక అది. పాత విద్యార్థులే గోల చేస్తే వెనక్కి తగ్గారు. 2025 ఫిబ్రవరిలో రీజెంట్లు, అంటే పాలక మండలి, డ్రాగ్ ప్రదర్శనలు (ఎదుటి లింగం వేషం కట్టి ఆడేవి) నిషేధించారు, మార్చిలో ఫెడరల్ జడ్జి ఆ నిషేధాన్ని ఆపారు.

వీటిలో ఓ తీరు కనిపిస్తుంది. మార్పు ఎక్కువగా లోపలి ఒప్పందంతో రాలేదు, బయటి కోర్టుతోనో విద్యార్థుల కొరత వల్లనో వచ్చింది. వచ్చాక ఇరవై ఏళ్లకి అదీ సంప్రదాయంలో కలిసిపోయింది. కోర్ ఐచ్ఛికం చేసినప్పుడు కాలేజీ చచ్చిపోయిందని ఏడ్చారు, ఇప్పుడు ఆ పని చేసిన రడర్‌కి క్యాంపస్‌లో విగ్రహం.

సివిల్_శాస్త్రి
సంప్రదాయం ప్రమాదమయ్యే చోటు ఒకటుంది. దాని గురించి ఇంజినీరింగ్ వాళ్లు తప్పక చదవాలి. 1999 నవంబర్ 18, తెల్లవారుజాము 2 గంటల 42 నిమిషాలు. బాన్‌ఫైర్ కూలింది. 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు.

ఏం కట్టేవారో ముందు చెప్తాను. టెక్సాస్ యూనివర్సిటీతో మ్యాచ్ ముందు కాల్చే భోగిమంట అనుకోండి, కానీ 59 అడుగుల ఎత్తు, దాదాపు 5000 దుంగలు. అడవిలో చెట్లు కొట్టడం, లారీకెత్తడం, పేర్చడం అంతా విద్యార్థులే. నడుమ కేంద్ర స్తంభం: రెండు టెలిఫోన్ స్తంభాలు అతికించింది. దాని చుట్టూ దుంగల్ని నిలువుగా అంతస్తులుగా, పెళ్లి కేకులా పేరుస్తారు. ఎర్ర హెల్మెట్ సీనియర్లు పెత్తనం చేస్తారు, వాళ్ల మాటే డ్రాయింగు. 1969లో ఎత్తు 109 అడుగులకు వెళ్తే ఆ తర్వాత యూనివర్సిటీ 55 అడుగుల పరిమితి పెట్టింది. 1999లో అదీ దాటారు.

కూలడానికి కారణాలు విచారణ కమిషన్ 2000 మే నెలలో చెప్పింది. ఒకటి, రెండో అంతస్తు దుంగల్ని కింది అంతస్తు సందుల్లోకి మేకుల్లా దిగ్గొట్టారు. దాంతో కింది దుంగలు బయటికి తోసుకునే ఒత్తిడి పుట్టింది. ధాన్యపు గాదెలో గింజలు గోడని తోసినట్టు. రెండు, ఆ తోపుని ఆపాల్సిన చుట్టుకట్టు బలం చాలలేదు. గతంలో కింది అంతస్తు చుట్టూ ఉక్కు తాళ్లు వేసేవారు, ఆ ఏడాది వేయలేదు. మామూలు కట్టుతీగ మీద భారమంతా పడింది. గాదె గోడ తెగితే ఏమవుతుందో అదే అయింది.

ఇది లెక్క తప్పు కాదు, లెక్క లేకపోవడం. రాసిన డిజైన్ లేదు. ప్రతి ఏడాదీ ముందటివాడు నోటితో చెప్పింది, కొంచెం మార్చి. ఒక్కొక్క మార్పు చిన్నది, ముప్పై ఏళ్లకి మొత్తం వేరే కట్టడమైంది. 1994లో వానకి నేల మెత్తబడి ఓసారి ఒరిగింది. దాన్ని హెచ్చరిక అనుకోలేదు, రాత్రింబవళ్లు కష్టపడి మళ్లీ నిలబెట్టి అదే గొప్పతనంగా చెప్పుకున్నారు. దేశంలో పేరున్న సివిల్ ఇంజినీరింగ్ విభాగం అదే క్యాంపస్‌లో ఉంది. "అది పిల్లల కార్యక్రమం" అని అధికారులు, "అది మా సంప్రదాయం" అని పిల్లలు. ఇద్దరి మధ్య లెక్క వేసేవాడు లేడు.

ఓరుగల్లు_పోరడు
శాస్త్రి గారూ, ఇప్పుడు గూడ కాలుస్తరంట గద?

సివిల్_శాస్త్రి
క్యాంపస్‌లో లేదు. 2002 తర్వాత విద్యార్థులు బయట సొంతంగా చేస్తున్నారు, యూనివర్సిటీకి సంబంధం లేదు. అందులో ప్రతి దుంగా నేలను తాకాలి, ఒకదాని మీద ఒకటి అంతస్తుగా ఎక్కించరు. ఆ ఒక్క మార్పుతో పై దుంగ కింది దుంగల్ని చీల్చే అవకాశమే పోయింది. 2024లో టెక్సాస్‌తో మ్యాచ్‌లు మళ్లీ మొదలవుతున్నాయని క్యాంపస్‌కి తిరిగి తెస్తారన్న మాట వచ్చింది. అప్పటి అధ్యక్షుడు మార్క్ వెల్ష్ జూన్‌లో వద్దని తేల్చేశారు.

కూలిన చోట ఇప్పుడు స్మారకం ఉంది. పన్నెండు ద్వారాలు వలయంగా, ఒక్కొక్కటి ఆ పిల్లల సొంతూరి దిక్కుకి తిప్పి. ఏటా నవంబర్ 18న 2:42కి జనం అక్కడ చేరతారు. వెళ్తే మాట్లాడకండి, సెల్ఫీలు తీయకండి.

ఫ్రిస్కో_పార్వతి
చదువుతుంటే గుండె జారింది. కోర్‌లో చేరతానంటున్న పిల్లలున్నారు. అందులో ర్యాగింగ్ ఉంటుందా? చేరితే సైన్యంలోకి వెళ్లాల్సిందేనా?

పాతపుటలు
రెండోదానికి జవాబు: కాదు. సైన్యంలో అధికారిగా చేరే ఒప్పందం వేరే, ఇష్టమైతేనే. చాలామంది నాలుగేళ్లు చేసి మామూలు ఉద్యోగాలకు పోతారు.

మొదటిదానికి: చట్టం గట్టిది, కానీ చరిత్ర శుభ్రంగా లేదు. 1984 ఆగస్టులో రాత్రివేళ బలవంతపు వ్యాయామంలో వడదెబ్బకి ఓ కేడెట్ చనిపోయాడు. మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. టెక్సాస్ విద్యా నియమావళిలో ఉన్న నిషేధంలో రెండు అంశాలు తల్లిదండ్రులకి తెలియాలి. బాధితుడు ఒప్పుకున్నా నేరం నేరమే. కళ్లారా చూసి చెప్పకపోయినా నేరమే. కాబట్టి "నేనే సరేనన్నాను" అన్న మాట ఎవర్నీ కాపాడదు.

ఏది ర్యాగింగ్ కాదో కూడా తెలియాలి. మొదటి ఏడాది కేడెట్ పై తరగతి వాణ్ణి చూసి చేయి చాచి 'హౌడీ' చెప్పి, పేరు, ఊరు, చదువు చెప్పి, అవతలివాడివి గుర్తుపెట్టుకోవాలి. పొద్దున్నే పరుగు. జుట్టు కత్తిరింపు. ఇవి బయటికి తెలిసే క్రమశిక్షణ. రాత్రి తలుపేసుకుని చేయించేది, ఎవరికీ చెప్పొద్దని చేయించేది, నిద్ర, నీళ్లు ఆపేది వేరు.

కోర్‌లో పై ర్యాంకు ఎవరిదో తెలుసా? రెవెలీ అనే కోలీ కుక్కది. ఐదు వజ్రాల హోదా. క్లాసులో అది మొరిగితే పాఠం విసుగ్గా ఉందని లెక్క, క్లాసు వదిలేయాలి. 1931 నుంచి ఈ పదవి ఉంది, ఇప్పుడున్నది పదోది.

సన్నజాజి_టీఏ
కేకలూ కుక్కలూ సరే. ఎమ్మెస్ వాళ్లని నిజంగా దెబ్బతీసే సంప్రదాయం ఇంకోటి, దాని గురించి ఎవరూ రాయలేదు. గౌరవ నియమం: "యాగీ అబద్ధమాడడు, మోసం చేయడు, దొంగిలించడు, చేసేవాళ్లని సహించడు." చివరి ముక్క చూడండి. సహించడు. పక్కవాడు కాపీ కొట్టడం చూసి ఊరుకున్నా నియమం తప్పినట్టే.

మన దగ్గర అసైన్‌మెంట్ ఇవ్వమంటే ఇవ్వనివాడు స్వార్థపరుడు. అక్కడ ఇచ్చినవాడూ తీసుకున్నవాడితో సమానం. ఎక్కువ కేసులు ఇలా వస్తాయి:

సీనియర్ పోయినేడు కోడ్ గూగుల్ డ్రైవ్‌లో పెట్టి పోతాడు. ముగ్గురు వేరియబుల్ పేర్లు మార్చి ఇస్తారు. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌కి పేర్లతో పనిలేదు, నిర్మాణం చూస్తుంది. సీనియర్ ఫైల్ పాత బ్యాచ్ నుంచి దాంట్లోనే ఉంటుంది. ముగ్గురూ ఒకేసారి దొరుకుతారు.

దొరికితే ప్రొఫెసర్ తానే తేల్చవచ్చు, లేదా గౌరవ మండలికి పంపవచ్చు. మొదటి తప్పుకి మామూలుగా పడే శిక్ష ఎఫ్ పక్కన నక్షత్రం. ఆ నక్షత్రం అంటే మోసం వల్ల ఫెయిల్ అని ట్రాన్‌స్క్రిప్ట్ చూసిన ప్రతివాడికీ తెలుస్తుంది. దిద్దుబాటు కోర్సు చేస్తే నక్షత్రం పోతుంది, ఎఫ్ పోదు.

లెక్క వేయండి. సెమిస్టర్‌కి మూడు కోర్సులు, 9 క్రెడిట్లు. రెండింట్లో ఏ, ఒకదాంట్లో ఎఫ్: 4, 4, 0. సగటు 2.67. మాస్టర్స్‌కి 3.0 తగ్గకూడదు. అసిస్టెంట్‌షిప్ పోతుంది, దానితో ఫీజు రాయితీ పోతుంది. మళ్లీ జరిగి సస్పెండ్ అయితే ఎఫ్-1 వీసా హోదానే పోతుంది. మిడ్‌నైట్ యెల్‌కి వెళ్లకపోతే ఎవడూ ఏమీ చేయడు. ఇది మాత్రం ఇంటికి పంపుతుంది.

అసైన్‌మెంట్ గురించి మాట్లాడుకోవచ్చా అంటే సిలబస్‌లో ఏముందో చూడాలి, కోర్సుకో తీరు. రాసి లేకపోతే ప్రొఫెసర్‌కి ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. నోటిమాట నిలవదు.

రెండు_శాతం
సన్నజాజి గారూ, ఒప్పుకుంటున్నాను. కానీ 'సహించడు' అన్న ముక్కే నా అభ్యంతరం కూడా. అది నిజాయితీ నేర్పుతుందా, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పడం నేర్పుతుందా?

సన్నజాజి_టీఏ
రెండూ జరుగుతాయి. చూసి ఊరుకున్నందుకే శిక్ష పడటం అరుదు, తన కాగితం కూడా అందులో ఉన్నప్పుడే ఆ ముక్క పైకొస్తుంది. స్నేహితుడు అడిగితే "నియమం ఒప్పుకోదు" అని నెపం నియమం మీదకు తోసేసి తప్పుకోవచ్చు. మొహమాటం ఎక్కువున్న మనవాళ్లకి అది ఉపయోగమే.

నల్లమల_గాలి
ఉంగరం సంగతి?

మెరూన్_మొల్ల
1889 నుంచి ఉంది. బ్యాచిలర్స్ వాళ్లకి 90 క్రెడిట్లు పూర్తవ్వాలి, అందులో 45 అక్కడే చదివుండాలి, జీపీఏ 2.0 ఉండాలి. మాస్టర్స్ వాళ్లకి లెక్క వేరు, డిగ్రీ పూర్తవడంతో ముడిపడి ఉంటుంది. ఆర్డర్ ముందు పూర్వ విద్యార్థుల సంఘం దగ్గర అర్హత చూపించుకోవాలి. బయట దుకాణంలో చేయించుకోవడం కుదరదు. చదువు అయ్యేదాకా ఏడాది అంకె తనవైపు చూసేలా పెట్టుకుంటారు, పట్టా తీసుకున్నాక లోకం వైపు తిప్పుతారు. 10 కేరట్లు, 14 కేరట్లలో దొరుకుతుంది. 22 కేరట్లకి తగ్గితే బంగారమే కాదనే ఇళ్లకి ముందే చెప్పి ఉంచండి.

ఉద్యోగాల్లో పని చేస్తుందా అంటే, హ్యూస్టన్ చమురు, నిర్మాణ కంపెనీల్లో అవతలివాడి వేలికి అదే ఉంటే మాట తొందరగా కలుస్తుంది. కాలిఫోర్నియాలో ఎవరికీ తెలియదు. అప్పు చేసి కొనొద్దు, పట్టా వచ్చాక ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

ఉంగరం బీరు జగ్గులో వేసి గుక్కతిప్పకుండా తాగే తంతు ఒకటుంది. యూనివర్సిటీది కాదు, సంఘానిదీ కాదు. 21 ఏళ్లు నిండకపోతే నేరం. నిండినా, ఆ వేగంలో అంత బీరు తాగితే వాంతి శ్వాసనాళంలోకి పోవచ్చు. ఐస్‌క్రీమ్‌తో, నీళ్లతో చేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లనెవరూ తక్కువ చేయరు.

బ్రజోస్_బాబాయి
గడ్డి ప్రశ్న మిగిలిపోయింది. ఫైన్ లేదు. ఎంఎస్‌సీ (మెమోరియల్ స్టూడెంట్ సెంటర్) అనే విద్యార్థి భవనం యుద్ధంలో పోయిన పూర్వ విద్యార్థుల స్మారకం. అందుకే లోపల టోపీ తీయాలి, చుట్టూ ఉన్న గడ్డి తొక్కకూడదు. గుడి అరుగు మీద చెప్పులతో ఎక్కనట్టు. ఎవరో ఒకరు మర్యాదగా చెప్తారు. మిగతా క్యాంపస్ గడ్డి మీద పడుకున్నా ఎవరికీ పట్టదు.

సల్ రాస్ అనే ఆయన విగ్రహం పాదాల దగ్గర పరీక్ష ముందు పెన్నీ (ఒక సెంటు నాణెం) పెడతారు. ఆయన టెక్సాస్ గవర్నర్, ఆ కాలేజీ అధ్యక్షుడు, అంతకుముందు అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన జనరల్ కూడా. 2020లో విగ్రహం తీయాలని ఉద్యమం జరిగింది, తీయలేదు. 2025 నవంబర్‌లో అమెరికా పెన్నీ ముద్రణే ఆపేసింది. విగ్రహం నిలిచింది, నాణెం పోయింది.

ఓరుగల్లు_పోరడు
బస్సుల పేర్లు గూడ గిట్లనే ఉంటయి అన్నా. ఒక రూట్ 'బాన్‌ఫైర్', ఒకటి 'యెల్ ప్రాక్టీస్', ఒకటి 'హౌడీ'. కొత్తోడు బస్టాప్‌ల "బాన్‌ఫైర్ ఎప్పుడొస్తది" అని అడిగితే ఎవ్వడు నవ్వడు.

నల్లమల_గాలి
చివరిగా ఒకటి. ఇవేవీ పాటించనివాడు కూడా వెళ్లాల్సింది ఏదైనా ఉందా?

రెండు_శాతం
ఆశ్చర్యపోకండి, దీనికి నేనే చెప్తాను: సిల్వర్ ట్యాప్స్. 1898లో రాస్ చనిపోయినప్పుడు మొదలైంది. ఒక నెలలో ఏ విద్యార్థి చనిపోయినా, బ్యాచిలర్స్ అయినా, పీహెచ్‌డీ అయినా, ఏ దేశంవాడైనా, మరుసటి నెల మొదటి మంగళవారం రాత్రి 10:30కి అకడమిక్ ప్లాజాలో నిలబడతారు. దీపాలార్పేస్తారు. ఏడు తుపాకులు మూడుసార్లు పేలుతాయి. భవనం మీంచి బూర మూడుసార్లు ఊదుతారు: ఉత్తరానికి, దక్షిణానికి, పడమటికి. తూర్పుకి ఊదరు, పోయినవాడికి మళ్లీ సూర్యోదయం లేదని. ఉపన్యాసం లేదు, కేక లేదు, 'వూప్' లేదు. వచ్చినట్టే మాట్లాడకుండా వెళ్లిపోతారు. మనూరు పిల్లవాడు పోయినా అతని పేరూ అందులో ఉంటుంది, పేరు తెలియనివాళ్లు వందలమంది వచ్చి నిలబడతారు.

నల్లమల_గాలి
ఆ నెల ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మెరూన్_మొల్ల
ఆ మంగళవారం పొద్దున ప్లాజాలో జెండా చూడండి. సగానికి దించి ఉండి, కొయ్య మొదట్లో పేర్లున్న కార్డులుంటే ఆ రాత్రి ఉంది. పగలే వెళ్లి పేరు చదువుకోండి, చీకట్లో కుదరదు. పదింబావుకల్లా చేరండి, ఫోన్ వైబ్రేట్‌లో కాదు, పూర్తిగా ఆపేయండి. ఆ నిశ్శబ్దంలో వైబ్రేషన్ కూడా వినిపిస్తుంది.